కండక్టరు పెట్టని విషం

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మైదుకూరు నుంచి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఊరి బడి. ఏటా ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు, వైరస్ కంటికి కనిపించదని, చేతుల మీదుగా, బట్టల మీదుగా, వాడిన వస్తువుల మీదుగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుందని నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చూపిస్తాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత నేను చేసిన పనికి చదువు లేకపోవడం కారణమని ఎవరూ అనుకోకుండా ఉంటారు.

మా ఇల్లు మైదుకూరులో బద్వేలు రోడ్డు పక్క కాలనీలో ఉంది. మా ఆయన ఉద్యోగం కర్నూలులో. శనివారం వచ్చి సోమవారం తెల్లారే వెళ్లిపోతాడు. పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. కాబట్టి వారంలో ఐదు రోజులు ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. ముందు గదిలో మా పొలం నుంచి వచ్చిన శనక్కాయల మూటలు ఉంటాయి. మూటలున్నాయని ఎలుకలు వచ్చాయి. ఎలుకలున్నాయని ఒక పిల్లి వచ్చింది. బూడిద రంగు మీద నల్ల చారలు. దాన్ని మేం పిలవలేదు, పొమ్మనీ అనలేదు. ఎండలు ముదరక ముందు మూటల వెనక మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది.

"పేర్లు పెట్టొద్దు. పేరు పెడితే మనదైపోతాది" అంది మా అత్త.

అందుకని పేర్లు పెట్టలేదు. "ఎర్రదానా" అంటే ఎర్రది పరిగెత్తుకుంటూ వచ్చేది. అది పేరు కాదని మా అత్త వాదన. ఆమె లెక్కలో జంతువంటే బర్రె. పాలివ్వనిది ఇంట్లో ఎందుకని మొదటి నుంచీ అంటూనే ఉంది. అంటూనే, పాలు కాచినప్పుడల్లా మీగడ తీసి ఒక సత్తు మూతలో వేసి మూటల పక్కన పెట్టేది. ఎలుకలు తింటాయేమో అని నేనంటే, వినపడనట్టు ఉండేది.

మా ఎదురింట్లో ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టరు ఒక్కడే ఉంటాడు. భార్య పోయి మూడేళ్లయింది. స్నానాల గది మళ్లీ కట్టించాలని ఇంటి ముందు ఇసుక తోలించుకున్నాడు. మేస్త్రీ రేపొస్తా, ఎల్లుండొస్తా అంటూ నెలలు గడిపాడు. ఇసుక అక్కడే ఉంది. మా పిల్లులకు అంత మంచి ఇసుక ఎక్కడా దొరకలేదు.

రోజూ పొద్దున ఆయన ఒక రేకు ముక్క మీద పిల్లి చేసింది ఎత్తుకుని మా గేటు దగ్గరకు వచ్చేవాడు.

"టీచరమ్మా, ఇది మీది."

"మాది కాదప్పా, పిల్లిది" అనేది మా అత్త లోపలి నుంచే.

ఆయన దాన్ని మా గేటు పక్కన జాగ్రత్తగా దించి వెళ్లేవాడు. నేను మట్టి కప్పేదాన్ని. ఇలా కొన్ని వారాలు నడిచింది. దీన్ని తగాదా అనడానికి లేదు. ఒక ఏర్పాటులాగే ఉండేది. ఒకరోజు మాత్రం ఆయన బాగా విసిగిపోయి ఉన్నాడు. మేస్త్రీ ఫోను ఎత్తలేదట. పాలామె, ఇస్త్రీ బండి అతనూ నిలబడి ఉండగానే గట్టిగా అన్నాడు:

"ఒగనాడు మందు పెట్టేస్తా. అప్పుడు తెలుస్తాది."

అది నేను ఆ పూటకే మరిచిపోయాను. మా అత్త మరిచిపోలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక గురువారం నల్లది తిండి మానేసింది. ముందురోజు దాకా కర్టెను పట్టుకుని వేలాడిన పిల్ల, నీళ్ల గిన్నె దగ్గర ముడుచుకుని కూర్చుంది. తల నీళ్ల మీదికి వాల్చి అలాగే ఉండిపోయింది. తాగుదామని వచ్చి, ఎలా తాగాలో మరిచిపోయినట్టు. నేను బడికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి పసుపురంగు నురగ రెండు చోట్ల కక్కింది. ఎత్తుకుంటే ఖాళీ సంచిలా వేలాడింది. కొంచెం మజ్జిగ పట్టాం. అదీ బయటికొచ్చింది. శుక్రవారం పొద్దున లేచి చూస్తే నీళ్ల గిన్నె పక్కనే చచ్చిపోయి ఉంది.

పెరట్లో గోడ పక్కన గుంత తీశాను. మా అత్త నిలబడి చూసింది. నేను మట్టి కప్పి వస్తే చేతులకు నీళ్లు పోసింది.

"మందే. నురగ కక్కి సచ్చిపాయ కదా. ఇంగేముండాది" అంది.

"చూడకుండా ఎట్లా అంటాం అత్తా" అన్నాను.

శనివారం ఎర్రది నీళ్ల గిన్నె దగ్గర తల వాల్చి కూర్చుంది. దాన్ని చూశాక నేనూ అనేశాను, మందే అని.

మా అత్త కొంగు నడుముకు దోపుకుని వీధిలోకి వెళ్లింది. ఎదురింటి గేటు ముందు నిలబడి, నోరులేని జీవాలకు మందు పెట్టినవాడి చేతులు ఏమవ్వాలో, కళ్లు ఏమవ్వాలో వరసగా చెప్పింది. వంగి పిడికెడు మట్టి తీసి గేటు మీదికి కొట్టింది. ఆ మట్టి ఆయన ఇసుకే. ఆయన బనియన్‌తో బయటికి వచ్చి నిలబడ్డాడు.

"నేను పెట్టలేదమ్మా" అన్నాడు.

అప్పుడు నేను వెళ్లాను. అత్తను లోపలికి తీసుకురావడానికే వెళ్లానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ అక్కడికి వెళ్లి నేనన్న మాట వేరు.

"పదిమందిలో పెడతానని మీరే అన్నారు కదా. ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు. మీరు చేయాల్సిన పనేనా ఇది?"

ఆయన గేటు పట్టుకుని నావైపు తిరిగాడు.

"అంటి. అన్న్యానని పెడతానా టీచరమ్మా? ఇరవై ఎనిమిదేండ్లు బస్సులో దింపేస్తా దింపేస్తా అని శానామందిని అంటి. ఒగరినీ దింపలే."

ఇస్త్రీ అతను నవ్వబోయి, మా అత్త ముఖం చూసి ఆగిపోయాడు. కండక్టరు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రానికి వీధిలో తీర్పు వచ్చేసింది. పాలామె ఆయన గిన్నెలో పాలు పోసి, మాట కలపకుండా వెళ్లిపోయింది. ఆయనతో పాటు రోజూ బైపాస్ దాకా నడిచి వచ్చే ఇద్దరు మనుషులు ఆదివారం ఆయన కోసం ఆగలేదు. నేను కిటికీలోంచి అది చూశాను. ఆయన గేటు దగ్గర నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్లిపోయాడు. ఆరోజు నాకు బాధ కలగలేదు. తగిన శాస్తి అనుకున్నాను. ఇదీ దాచకుండా చెప్పాలి.

ఆదివారం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. విషయమంతా విని, "పిల్లిని డాక్టరుకు చూపించినారా?" అని అడిగాడు. చూపించలేదు. తిట్టడం అయిపోయింది కానీ చూపించడం మా ఇద్దరికీ తట్టలేదు.

సోమవారం సెలవు పెట్టి, ఎర్రదాన్ని తువ్వాలులో చుట్టి, ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. వరండా నిండా గొర్రెలున్నాయి. వాటి యజమానులు బుట్టలోకి తొంగి చూసి, నా వైపు చూసి, మళ్లీ బుట్టలోకి చూశారు. ఒక పెద్దాయన "పిల్లినా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన తన గొర్రె కంటే ముందు నన్ను పొమ్మన్నాడు. జాలి పిల్లి మీదో నా మీదో తెలియలేదు.

డాక్టరు వయసులో చిన్నవాడే. ఎర్రదాని మెడ మీద చర్మం పట్టి లాగి వదిలాడు. లాగిన చర్మం లాగినట్టే నిలబడింది, వెనక్కి పోలేదు. ఒంట్లో నీళ్లు లేవన్నాడు. పెదవి ఎత్తి చిగుళ్లు చూపించాడు. పాలిపోయి ఉన్నాయి. పొట్ట ముట్టుకుంటే అది సన్నగా అరిచింది. ఇంటి నుంచి తెచ్చాక అది చేసిన మొదటి చప్పుడు అదే.

"ఎవరో మందు పెట్టారండీ. మా ఎదురింటాయన" అన్నాను.

"నా దగ్గరికి వచ్చే పిల్లులన్నిటికీ ఎదురింటివాళ్లే మందు పెట్టింటారు మేడం" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడా అని ముఖం చూశాను. లేదు. థర్మామీటరు చూసుకుంటున్నాడు. "టీకాలేసినారా దీనికి?"

"పిల్లులకు టీకాలుంటాయా?"

"ఉంటాయి. మీరేం చేస్తారు?"

"టీచర్ని."

"ఏం చెప్తారు?"

కొంచెం ఆలస్యంగా చెప్పాను. ఆయన ఎర్రదాని ముందుకాలి నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పరిచాడు. ఆరనిచ్చి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, "మీరే చూడండి మేడం, బయాలజీ కదా" అన్నాడు.

కళ్లద్దాలు తీసి చూశాను. ఎర్రకణాలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉన్నాయి. తెల్లకణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెద్దగా, మధ్యలో ఊదారంగు కేంద్రకంతో ఉంటుంది. ఎన్ని వందల సార్లు నల్లబల్ల మీద వేశానో. పలకను మెల్లగా పక్కకు జరుపుతూ వెతికాను. ఎక్కువ ఉండవు కానీ, అక్కడక్కడ కనిపించాలి. ఇంకొంచెం జరిపాను. కిందికి జరిపాను. ఈ కొస నుంచి ఆ కొసకు పోయాను. లేవు.

"లేవు" అన్నాను.

"అదే జబ్బు" అన్నాడు డాక్టరు.

ఆ జబ్బు పేరు పాన్‌ల్యూకోపీనియా. పాన్ అంటే అన్నీ, ల్యూకో అంటే తెలుపు, పీనియా అంటే కొరత. ఆయన చెప్పకముందే మాటను విడగొట్టుకుని అర్థం చేసుకున్నాను. పదాలు విడగొట్టడం నాకు బాగా వచ్చు. కుక్కపిల్లలకు వచ్చే పార్వో వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఎక్కడ కణాలు వేగంగా పుడతాయో అక్కడికి పోతుంది. పేగు లోపలి పొరలోనూ, ఎముక మూలుగలోనూ. పేగు పొర పాడవుతుంది కాబట్టి వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీళ్లు పోవడం. మూలుగ పాడవుతుంది కాబట్టి తెల్లకణాలు పుట్టవు. అవి లేకపోతే మామూలుగా ఏమీ చేయలేని సూక్ష్మజీవులు కూడా చెదిరిన పేగులోంచి రక్తంలోకి వచ్చేస్తాయి. చిన్న పిల్లలైతే ఒక్క రోజులో పోతాయి. నురగ కక్కి పోతాయి కాబట్టి చూసినవాళ్లు మందు పెట్టారనుకుంటారు. మనుషులకు రాదు.

"వైరస్‌కు మందు లేదు. సెలైన్ ఎక్కిస్తాం, వాంతులు ఆగడానికి సూది, మిగతా సూక్ష్మజీవులకు యాంటీబయాటిక్. ఒంట్లో మళ్లీ తెల్లకణాలు పుట్టేదాకా ప్రాణం నిలబెట్టాల, అంతే. ఐదారు రోజులు దాటితే బతుకుతాది."

"ఇంట్లోంచి బయటికే పోవే ఇవి. ఎదురింటి ఇసుక దాకా తప్ప. ఎట్లా వచ్చింటుంది?"

"ఇది ఎండకు, వానకు తట్టుకుని నెలల తరబడి ఉంటాది. చెప్పులకు అంటుకుని వస్తాది. చేతులకు, గుడ్డలకు. ఈ పదిహేను రోజుల్లో జబ్బుపడిన పిల్లిని ఎక్కడైనా ముట్టుకున్నారా?"

ముట్టుకున్నాను.

నల్లది తిండి మానడానికి వారం ముందు మా బడిలో మధ్యాహ్న భోజనం వండే షెడ్డు వెనక ఒక పిల్లి పిల్ల పడి ఉంది. వంట చేసే ఆమె బయాలజీ మేడం చూస్తుందని నన్ను పిలిచింది. చూశాను. నీరసంగా ఉంది. బడి వదిలాక మైదుకూరు తెచ్చి చూపిద్దామని, నేను బడికి తెచ్చుకునే ప్లాస్టిక్ బుట్టలో పడుకోబెట్టాను. చివరి బెల్లు కొట్టకముందే చచ్చిపోయింది. గ్రౌండు మూల పూడ్చిపెట్టించి, బుట్టను కుళాయి కింద నీళ్లతో కడిగి, ఇంటికి తెచ్చుకున్నాను. మా పిల్లి పిల్లలకు ఆ బుట్టంటే ఇష్టం. మూడూ అందులోనే పడుకునేవి.

ఇదంతా డాక్టరుకు చెప్పాను. ఆయన నా చేతిలో ఉన్నదాన్ని చూశాడు.

"ఈ బుట్టేనా?"

"ఇదే."

బుట్ట మీద ఆనించిన చెయ్యి తీసి, వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. "నీళ్లతో పోదు. సబ్బుతో కూడా సరిగ్గా పోదు. ఫినాయిల్‌కు చావదు, అది పిల్లులకు మంచిది కూడా కాదు. ముందు శుభ్రంగా కడిగి, తర్వాత బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాల. ఈ బుట్టను కాల్చేయండి."

ఎర్రదానికి చర్మం కింద సెలైన్ ఎక్కించి, సూదులు వేసి పంపాడు. మంగళవారం మళ్లీ తీసుకెళ్లాను. మంగళవారం సాయంత్రం అది మా అత్త ఒడిలో పోయింది. పాలివ్వని జంతువును ఆమె ఒడిలో పెట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

పూడ్చి వచ్చాక ఆమెకు చెప్పాను. మందు కాదని, వైరస్ అని, తెచ్చింది నేనని. ఆమె అంతా విన్నది.

"నువ్వు తెచ్చినావా?"

"తెలీకుండా తెచ్చినా."

"మరి ఆయప్ప పెడతానని ఏంటికన్న్యాడు?"

"అన్నాడు. పెట్టలేదు."

"అన్న్యాడు కదా" అంది. ఆ రాత్రికి ఆమె అక్కడే ఆగిపోయింది.

బుధవారం బడి నుంచి రాగానే ఎదురింటికి వెళ్లాను. ఆయన ముందు గదిలో టీవీ చప్పుడు లేకుండా పెట్టుకుని చూస్తున్నాడు. నన్ను కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"మందు కాదంట. వైరస్ అంట. డాక్టరు చెప్పినాడు."

"నాకు తెలుసు."

"వైరస్ అని మీకెట్లా తెలుసు?"

"వైరస్ అని కాదు టీచరమ్మా. నేను పెట్టలేదని నాకు తెలుసు."

 శనివారం నుంచి సోమవారం దాకా ఆ వీధిలో ఆ ఒక్క సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే. తప్పయిందన్నాను. ఎలా వచ్చిందో కూడా చెప్పాను. బడి, షెడ్డు, బుట్ట, ఆటో. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే మీతో పాటు ఆటో ఎక్కి వచ్చిండాది. టికెట్ లేకుండా."

నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఉన్న విషయం అదే.

"నన్ను యాడ అన్నారు మీరు?" అని అడిగాడు.

"వీధిలో."

"ఈడ చెప్పి ఏం లాభం. ఆడ చెప్పాల."

గురువారం పొద్దున పాలామె వచ్చే వేళకు వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. ఇస్త్రీ బండి ఉంది. పూలమ్మే ఆమె ఉంది. నడకకు వెళ్లే ఇద్దరూ ఉన్నారు. ఆయన తన గేటు లోపల నిలబడ్డాడు. క్లాసులో అరవై మంది ముందు ఏనాడూ తడబడని నేను, ఆరుగురి ముందు మొదటి వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టాను. మందు ఎవరూ పెట్టలేదని, అది జబ్బని, నా చేతుల మీదుగా వచ్చిందని, ఆయనను అన్న మాట తప్పని చెప్పాను. తెల్లకణాల గురించి కూడా చెప్పాను. అంత అవసరం లేదు కానీ, మొదలుపెడితే ఆపలేకపోయాను.

"మనుషులకు వస్తాదా?" అని పూలామె అడిగింది.

"రాదు."

"బర్రెలకు?" అని పాలామె.

"రాదు."

"మరి ఇంగేం" అని పాలామె క్యాను ఎత్తుకుంది. నడకకు వెళ్లే ఇద్దరిలో ఒకాయన ఎదురింటాయన వైపు చూసి, "రావాప్పా, ఎండెక్కతాండాది" అన్నాడు. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లాడు. నేను అనుకున్నంత పెద్దగా ఏమీ జరగలేదు. ఇస్త్రీ అతను మాత్రం, నేను లోపలికి వస్తుంటే, పూలామెతో మెల్లగా అనడం వినిపించింది: "ఆయప్పకు భయపడి మాట మార్చిన్యాది."

ఆ రోజు గదులన్నీ కడిగాను. మా అత్త పసుపు నీళ్లు చల్లుదామంది. చల్లనిచ్చి, తర్వాత నేను బ్లీచింగ్ నీళ్లు పోశాను. మూటలు బయటికి మార్చాం. బుట్ట కాల్చేశాను. తల్లి పిల్లికి ఏమీ కాలేదు. చిన్నప్పుడే ఈ జబ్బు వచ్చి తట్టుకుని ఉంటుందని, అందుకే దానికి మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. అది గోడ మీద కూర్చుని, ముక్కుకు తగిలే బ్లీచింగ్ వాసనకు మమ్మల్ని అసహ్యంగా చూసింది.

శుక్రవారం పొద్దున మచ్చలది నీళ్ల గిన్నె మీద తల వాల్చింది.

ఈసారి నురగ దాకా ఆగలేదు. అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు సెలైన్ పెట్టి, ఇది రోజుకు రెండుసార్లు కావాలని, సాయంత్రం ఆసుపత్రి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరైనా పెట్టగలరా అని అడిగాడు. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి, దాని కిందికి సూది పోనిస్తే చాలట. చేసి చూపించాడు. ఇంటికొచ్చి సాయంత్రం నేను ప్రయత్నించాను. మొదటిసారి సూది చర్మంలో ఇటు నుంచి అటు దూరి, సెలైన్ నా చీర మీద పడింది. రెండోసారి నా వేలికి గుచ్చుకుంది.

మా అత్త గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. లేచి గేటు దగ్గరికి వెళ్లి, ఎదురింటి వైపు చూస్తూ, ఎవరినీ పిలవకుండా గట్టిగా అంది:

"మూడేండ్ల కింద పెండ్లానికి దినామూ చక్కెర సూది ఏసినోళ్లు ఈ వీధిలో ఉండారు. వాళ్లకైతే చేతనయితాది."

ఆయన వచ్చాడు. వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మా అత్త ఆయన వైపు చూడలేదు. నా చేతిలోని మచ్చలదానితో మాట్లాడింది.

"ఆయప్పను కాళ్లు కడుక్కోని రమ్మను. చెప్పులకు వస్తాదంట."

ఆయన కాళ్లు కడుక్కున్నాడు. చేతులు కడుక్కున్నాడు. మచ్చలదాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు వేళ్లతో చర్మం ఎత్తి, సూది పెట్టాడు. అది కదలలేదు. సెలైన్ దిగుతుంటే చర్మం కింద చిన్న దిబ్బలా ఉబ్బింది. చేత్తో మెల్లగా సర్దాడు. భార్యకు పద్నాలుగేళ్లు ఇన్సులిన్ వేశాడట. ఆమె ఏనాడూ నొప్పి అనలేదని చెప్పాడు. సూది తీస్తూ, "నొప్పి ఉన్న్యా నాకు చెప్పుండదులే" అన్నాడు.

ఐదు రోజులు, పొద్దున ఆసుపత్రి, సాయంత్రం ఆయన. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయనా, మా అత్తా ముందు గదిలో చెరో మూల కూర్చుని ఉండేవాళ్లు. మధ్యలో మచ్చలది. ఇద్దరూ దానితోనే మాట్లాడేవాళ్లు. "కాఫీ తాగుతాడేమో అడుగు" అని ఆమె దాన్ని అడిగేది. "చక్కెర వద్దని చెప్పు" అని ఆయన దానికి చెప్పేవాడు. అది కళ్లు సగం మూసుకుని ఊపిరి తీసుకుంటూ ఉండేది. అంతకుమించి దానికి చేతనయ్యేది కాదు. మూడో రోజు ఒళ్లు చల్లబడింది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. మా అత్త ఆ రోజు భోజనం చేయలేదు. కడుపులో బాగాలేదంది.

ఐదో రోజు సాయంత్రం నేను గేటు తీసేసరికి లోపల ఎవరూ మాట్లాడటం లేదు. వెళ్లి చూశాను. మా అత్త కోడి ఉడికించిన నీళ్లలో వేలు ముంచి మచ్చలదాని ముక్కు ముందు పెట్టి ఉంది. అది వేలు నాకుతోంది. ఆగింది. మళ్లీ నాకింది. ఇంట్లో కోడి ఉడికింది మంగళవారం నాడు. మంగళవారం మా అత్త మాంసం ముట్టదు.

"తాగతాండాది సూడప్పా" అంది ఆమె. అది పిల్లితో కాదు.

"ఊఁ" అన్నాడు ఆయన. కండువాతో ముఖం తుడుచుకుని, ఉక్కగా ఉందన్నాడు.

ఎందుకు బతికిందో కచ్చితంగా చెప్పలేమన్నాడు డాక్టరు. తొందరగా తేవడం ఒకటి, సెలైన్ తప్పకపోవడం ఒకటి, మిగతాది దాని అదృష్టం. ముందే టీకా వేయించి ఉంటే మూడూ ఉండేవి. ఈ మాట ఆయన మామూలుగా, మందుల చీటీ రాస్తూ చెప్పాడు. మిగిలినవన్నీ చెప్పినట్టే. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. నల్లదాన్నీ ఎర్రదాన్నీ విషం చంపలేదు. వైరస్ చంపింది, సరే. కానీ దానికి టీకా ఉంది, వైరస్ పాఠం చెప్పే నేను దాని సంగతి ఎప్పుడూ అడగలేదు.

బాగా కోలుకున్నాక మైదుకూరు ఆసుపత్రిలోనే మిగతా జబ్బుల టీకాలు వేయించాం. తల్లి పిల్లిని కడపకు తీసుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాం. ఏడాది పాటు కొత్త పిల్లి పిల్లను ఇంట్లోకి తేవద్దన్నారు, ఎంత కడిగినా ఏదో మూల మిగిలి ఉంటుందని. బడిలో వంట షెడ్డు వెనక కూడా బ్లీచింగ్ పోయించాను. హెడ్మాస్టరు ఎందుకని అడిగితే, మొత్తం చెప్పాను. ఇప్పుడు నాకు అది చెప్పడం అలవాటైపోయింది.

మొన్న ఎదురింటి మేడ మీదికి ప్రొద్దుటూరు నుంచి ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇల్లాలు మా గేటు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. కింద ఇంటాయన పిల్లులకు మందు పెడతాడని ఇస్త్రీ బండి దగ్గర అనుకుంటున్నారట. నిజమేనా అని. వాళ్లకూ ఒక పిల్లి ఉందట.

నేను నోరు తెరిచేలోపే మా అత్త బయటికి వచ్చింది.

"మందు కాదమ్మా, వైరసు. మా కోడలు తెచ్చిన్యాది" అంది. "నీ పిల్లికి టీకాలేసినావా?"

వేయించలేదట. పిల్లులకు టీకాలుంటాయా అని అడిగింది. మా అత్త ఆమెను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మైదుకూరు ఆసుపత్రిలో ఏ వేళకు పోవాలో, గొర్రెలవాళ్ల వరసలో ఎక్కడ నిలబడాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను కాఫీకి పాలు పెట్టాను.